మిగిలిన పాలు

కొత్తనీటి పండగనాడు గుడి ముంగిట నిలబడి, మెరోయే రాజ్యమేలే కందాకే, అంటే మహారాణి, అమనిదఖే రెండు చేతులూ పైకెత్తి నదికి మొక్కింది. చేతులు దించుతుంటే కుడిచేతి బంగారు కడియం మణికట్టు దాటి, వేళ్ల మీదుగా జారి, రాతిపలకల మీద ఖణేలుమని పడి దొర్లింది.

పట్టం కట్టిననాడు ఆ కడియం ఎక్కించడానికి చేతికి వెన్న రాసి ఇద్దరు మనుషులు తోయాల్సి వచ్చింది. ఇప్పుడది ఎవరూ లాగకుండానే ఊడిపోయింది. దొర్లి దొర్లి పెద్దపూజారి వెనితొర్ పాదాల దగ్గర ఆగింది. డప్పులు ఆగలేదు గానీ డప్పులు కొట్టేవాళ్ల చూపులన్నీ అటే ఉన్నాయి.

వెనితొర్ వంగి కడియం తీశాడు. భుజమ్మీది బట్టతో దుమ్ము తుడిచాడు. రెండు చేతులతో తెచ్చి, "చెయ్యి ఇవ్వండి తల్లీ" అన్నాడు. తొడుగుతూ తొడుగుతూ బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆమె మణికట్టు చుట్టూ పట్టి చూశాడు, సంతలో మేకను బేరమాడేవాడు కాలు పట్టి చూసినట్టు. వేళ్లు రెండూ కలిశాయి. కలిసి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి కూడా.

"కాస్త వదులైనట్టుంది" అన్నాడు నవ్వుతూ.

"బంగారం సాగుతుంది వెనితొర్" అంది ఆమె.

"సాగుతుంది తల్లీ. పాతబడితే ఏదైనా సాగుతుంది."

పల్లకీ తెరలు దించాక గాని ఆమె ఊపిరి వదల్లేదు. ఎదురుగా కూర్చుని విసురుతున్న మలితే విసనకర్ర పక్కన పెట్టి, బట్ట మడతల లోపలికి చెయ్యి పోనిచ్చి, నడుము చుట్టూ చుట్టిన గుడ్డచుట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఎడమవైపు చుట్ట తుంటి కిందికి జారిపోయింది.

"ఎంతమంది చూశారే?"

"కళ్లున్నవాళ్లంతా చూశారక్కా."

"నువ్వు చేతికి పట్టీ బిగించలేదా?"

"బిగించాను. లోపల ఒళ్లే కరిగిపోతుంటే పైన పట్టీ ఏం చేస్తుంది? మంచు మీద ముడేసినట్టే గదా" అని నాలుక కరుచుకుంది మలితే. మెరోయేలో మంచు ఎవరూ చూడలేదు. ఉత్తరాది వర్తకులు చెబితే విన్నమాట అది. అక్కను నవ్వించాలనుకున్నప్పుడల్లా మలితే వాళ్ల మాటలే వాడేది. ఈసారి అమనిదఖే నవ్వలేదు.

కందాకే లావుంటే మందలు లావుంటాయని అక్కడివాళ్ల నమ్మకం. కందాకే చిక్కితే నది చిక్కుతుంది. ఎండాకాలం మొదలైనప్పటినుంచి ఆమె కడుపులో ఏదీ నిలవడం లేదు. తిన్నది తిన్నట్టు వచ్చేస్తోంది. ఆ సంగతి తెలిసింది మలితే ఒక్కదానికే. రోజూ పొద్దున్నే తలుపు వేసుకుని, నూలుగుడ్డలు చుట్టలు చుట్టి, నడుముకీ తుంటికీ చేతులకీ కట్టి, పైన బరువైన బట్టలు వేసి, పాత కందాకేని మళ్లీ తయారుచేసి పంపేది. ఇద్దరూ ఒకే తల్లి రొమ్ము తాగినవాళ్లు. మలితే వాళ్లమ్మ దాది. అందుకే ఒంటరిగా ఉన్నప్పుడు మలితే ఆమెను అక్కా అనేది, నువ్వు అనేది. రాజ్యం మొత్తంలో అలా పిలిచే మనిషి ఇంకొకరు లేరు.

మర్నాడు తీర్పుల పందిట్లో జనం మామూలుకంటే ఎక్కువగా ఉన్నారు. తగాదాల కోసం రాలేదని ఆమెకు తెలుసు. చేతులు చూడ్డానికొచ్చారు. మలితే ఆ రోజు మోచేతులదాకా పూసల పట్టీలు కుట్టి వేసింది. ఆమె చేతులు కదపకుండా కూర్చుంది.

ముందుగా వచ్చింది తూర్పుగట్టు మేకలకాపరి ఆడమనిషి ఒకతె. చంకలో కొట్టేసిన తుమ్మకొమ్మ పట్టుకొచ్చి నేల మీద పడేసింది.

"నువ్వు కొట్టొద్దన్న చెట్లే తల్లీ ఇవి. గుడి కొలిమివాళ్లు కొట్టుకుపోతున్నారు. అడిగితే ఇనుము కావాలంటారు, ఇనుముకి బొగ్గు కావాలంటారు, బొగ్గుకి తుమ్మ కావాలంటారు. మా మేకలేం తినాలి మరి? మీ పూజారులు కొలిమి నుంచి తీసి పారేసే చిట్టెం తినాలా?"

జనం నవ్వారు. వెనితొర్ పంపిన గుమాస్తా పూజారి కూడా నవ్వబోయి ఆగాడు.

"దేవుడి కొలిమి తల్లీ అది" అన్నాడు. "ఆపితే దేవుడికే లోటు."

"దేవుడు మేకపాలు తాగడా?" అంది అమనిదఖే. "పొద్దునా సాయంత్రం కుండలకి కుండలు మీ గుడికే గదా పోయేది. ఆ పాలు తుమ్మకాయల్లోంచే వస్తాయి. గొడ్డళ్లు తెచ్చి ఇక్కడ పెట్టమనండి. తూర్పుగట్టున మళ్లీ గొడ్డలి కనిపిస్తే చేతులు కూడా ఇక్కడే పెట్టాలి."

కాపరి మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉలూలు అని కూత పెట్టింది. వెనకాల ఆడవాళ్లంతా అందుకున్నారు. ఆ కూత వింటుంటే అమనిదఖేకి కొద్దిసేపు తన ఒళ్లు నిజంగానే నిండుగా ఉన్నట్టనిపించింది.

పందిరి దిగి లోపలికొచ్చేసరికి ఆమె గది గడప మీద తెల్లటి నూలుబట్ట మడతపెట్టి ఉంది.

ఎవరు పెట్టారో ఎవరూ చూళ్లేదు. ఎవరు పెట్టారని ఎవరూ అడగరు. అది దేవుడు పంపే బట్ట. ఏలేవాడి ఒంటికి లోటొస్తే దేవుడు పిలుస్తాడు, ఆ బట్ట కట్టుకుని గుడి వెనక చీకటిగదిలోకి వెళ్లాలి, వెళ్లాక తలుపుకి మట్టి మెత్తుతారు. ఏనుగు మీంచి పడి నడుము దెబ్బతిన్న ఆమె భర్త అలాగే వెళ్లాడు. ఆయన ఒక చెయ్యి పట్టుకుని గది దాకా నడిపించింది ఆమే. అప్పుడామెకి అది అన్యాయమని తోచలేదు. దుఃఖం అనిపించింది, అంతే.

ఆ మధ్యాహ్నం వంటింట్లోంచి అంబలి రాలేదు.

చాలాసేపు చూసి మలితే లేచి వెళ్లింది. కాసేపటికి ఆమె గొంతు నడవ మొత్తం వినబడింది. "బట్ట వచ్చింది, మనిషి పోలేదు! పోయేదాకా తింటుంది. పొయ్యి రాజెయ్యండి. ఏడవాలంటే వండుతూ ఏడవండి, ఉప్పు కలిసొస్తుంది."

అంబలి వచ్చింది. అమనిదఖే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టింది.

కొడుకు అరిఖబల్ మర్నాడు పొద్దెక్కాక వచ్చాడు. బట్ట పెట్టించింది వాడేనని రాత్రంతా ఆమె అనుకుంటూనే ఉంది. వయసొచ్చింది, పెళ్లైంది, తల్లి ఉండగా సింహాసనం రాదు. తను పూజారుల స్థానంలో ఉంటే ముందు వాడినే పట్టుకునేది. వాడిని చూడగానే అడగాల్సిన మాటలు వరసగా పెట్టుకుని ఉంది. కానీ వాడు గడప దాటకుండానే తెల్లబట్టను చూసి, దాన్ని తొక్కకుండా దాటాలా తీసి పక్కన పెట్టాలా తెలియక, అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ముక్కు చీదుకున్నాడు. వాడి బుగ్గల మీది మూడు గాట్లు, చిన్నప్పుడు ఆచారంగా తనే దగ్గరుండి పెట్టించినవి, తడిసి మెరిశాయి.

"నేను కాదమ్మా. నువ్వు నన్నే అనుకుంటావని నాకు తెలుసు. నేను కాదు."

"లేచి లోపలికి రా."

"నిన్నటినుంచి వెనితొర్ కాళ్లావేళ్లా పడుతున్నా. ఒప్పుకున్నాడమ్మా. దారి ఉందన్నాడు." వాడు మోకాళ్ల మీదే దగ్గరికొచ్చి ఆమె పాదాలు పట్టుకున్నాడు. "ఒకే పాలు తాగినవాళ్లది ఒకే ప్రాణమంట. నీ బదులు మలితే పిన్ని పోవచ్చంట. పూర్వం ఎప్పుడో అలా జరిగిందంట. దేవుడు పిలిచింది ఒక ప్రాణాన్ని. ఏదో ఒకటి పోతే సరిపోతుంది."

ఆమె వాడి గడ్డం పట్టి మొహం పైకెత్తింది.

"దానికి బదులు ఏం అడిగాడు?"

"తూర్పుగట్టు తుమ్మలు."

"ఇచ్చావా?"

"చెట్లమ్మా అవి. మళ్లీ మొలుస్తాయి. నువ్వు మొలవవు గదా."

ఆ మాటకు ఆమెకు కోపం రావాలి. రాలేదు. వాడి తల నిమిరింది. తడి జుట్టు, వెన్న వాసన. బిడ్డ తనను చంపాలనుకోలేదు, అది చాలు అనిపించింది. మిగతావి తరవాత చూసుకోవచ్చు. బతికుంటే చెట్ల సంగతి వచ్చే ఏడాది మళ్లీ తేల్చవచ్చు. వాడు వెళ్లాక ఆమెకు ఆకలేసింది. ఎన్నాళ్లకో నిజంగా ఆకలేసింది. అంబలి తెప్పించుకుని, పాలు పోయించుకుని, ఖర్జూరాలు నంజుకుంటూ తాగింది. అది కడుపులో నిలిచింది.

మలితే వచ్చి చేతిగోళ్లు శుభ్రం చేయడానికి కూర్చుంది. కందాకే గోళ్లు పొడుగ్గా ఉండాలి. పనికి వంగని చెయ్యి అని తెలియాలి. మలితే ఒక్కో గోటినీ తడిబట్టలో పట్టి, కింద పేరుకున్న మట్టిని పుల్లతో తీసి, ఇసకరాయితో అంచు నున్నగా చేసేది. ఆమె సొంత గోళ్లు మొదలంటా అరిగిపోయి ఉండేవి.

"దారి దొరికింది మలితే" అంది అమనిదఖే.

"ఏం దారి?"

ఆమె చెప్పింది. సంతోషంగానే చెప్పింది. పాలు ఒకటే కాబట్టి ప్రాణం ఒకటే అన్నారని, మలితే కూతురికి నది అవతల పొలం రాసిస్తానని, గది లోపల పరుపు దగ్గర్నుంచి అన్నీ కందాకేకి జరిగినట్టే జరుగుతాయని, సమాధి గోడ మీద తన బొమ్మ వెనకాలే మలితే బొమ్మ చెక్కిస్తానని.

మలితే చేతిలో ఇసకరాయి ఆగలేదు. చిటికెనవేలు పూర్తిచేసింది. తడిబట్ట పిండింది. నీళ్లగిన్నె పక్కకి జరిపింది.

"నేను రానక్కా" అంది.

అమనిదఖేకి అర్థం కాలేదు. "ఎక్కడికి?"

"ఆ గదిలోకి. నాకు చావాలని లేదు."

బయట నడవలో ఎవరో నీళ్లు మోసుకుపోతున్నారు. కుండలోంచి ఒలికిన చప్పుడు వినబడింది.

"మలితే, నీకు సరిగ్గా అర్థమైందా? నువ్వు పోకపోతే నేను పోవాలి."

"అర్థమైంది."

"మనిద్దరం ఒకే రొమ్ము..."

"ఆ మాట మాత్రం అనొద్దు." మలితే లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "ఒకే రొమ్ము తాగామని నువ్వంటావు. మా అమ్మ నీకు నిండా పట్టేది. నువ్వు నిద్రపోయాక నన్ను తీసుకునేది. నేను తాగింది మిగిలిన పాలు. కొన్నిరోజులు మిగిలేవి కావంట. జొన్నగంజిలో గుడ్డ ముంచి నోట్లో పెట్టేదంట. మా అమ్మ పోయేముందు ఆ ఒక్క సంగతే చెప్పుకుని ఏడ్చింది. నువ్వు నా వంతు పాలు తాగావు. ఇప్పుడు నీ వంతు చావు నేను తాగాలా?"

"నిన్ను నేను ఎలా చూసుకున్నాను? నోరు తెరిచి అడగకముందే ఏదైనా ఇచ్చాను!"

"ఇచ్చారు" అంది మలితే. ఇద్దరే ఉన్నప్పుడు మీరు అని పిలవడం అదే మొదటిసారి. "ఇచ్చినవన్నీ అడక్కుండానే ఇచ్చారు. ఇప్పుడు కూడా అడగలేదు మీరు. చెప్పారు."

అమనిదఖే చెయ్యి లేచింది. కొట్టడానికో, దగ్గరికి తీసుకోవడానికో ఆమెకే తెలియదు. రాజ్యమేలినన్నాళ్లలో ఎవరూ ఆమె ముందు లేదు, రాను, ఇవ్వను అనలేదు. ఉత్తరాది రాయబారులు కూడా ఆలోచించి చెబుతామనేవాళ్లు. ఆమె చప్పట్లు కొట్టి కాపలావాళ్లను పిలిచింది. మలితేని ధాన్యపు కొట్టు పక్క గదిలో పెట్టి గడియ వేయమంది. మలితే వాళ్లకంటే ముందే నడిచి వెళ్లింది. ఆ కొట్టుకి దారి వాళ్లకంటే ఆమెకే బాగా తెలుసు.

సాయంత్రం వెనితొర్ వచ్చాడు. తాను తెచ్చిన చాప తానే పరుచుకుని కూర్చుని, జరగాల్సింది చెప్పాడు.

"రేపు దేవుణ్ని కూర్చోబెట్టిన కొయ్యపడవ గుడిలోంచి బయటికొస్తుంది. బోయీలు భుజాల మీద పెట్టుకుని మీ ఎదురుగా నిలబడతారు. ప్రశ్న మీ నోటితోనే పడాలి తల్లీ, నేను అడిగితే చెల్లదు. 'నా బదులు నా పాలచెల్లెలు వస్తే నీకు సమ్మతమా?' అని అడుగుతారు. మీ మాట ఆగగానే దేవుడు ముందుకొస్తాడు."

"తప్పకుండా వస్తాడా?"

"బోయీలకి చెప్పాను. మీ గొంతు ఆగగానే మూడడుగులు."

ఇద్దరూ చాలాకాలంగా ఎరిగినవాళ్లు. దేవుడి గురించి వాళ్లిద్దరి మధ్యా ముసుగు లేదు. పడవ ముందుకొస్తే దేవుడు సమ్మతించినట్టు. ఆమెకు పట్టం వచ్చిననాడు కూడా అది ఇలాగే కదిలింది. బోయీలతో ముందుగా మాట్లాడింది ఆమె మామగారు.

"మలితే ఒప్పుకోలేదు వెనితొర్."

వెనితొర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఒప్పుకోవడమేమిటి? మేకను ఎవరైనా అడుగుతారా?"

"మనిషి అది."

"మిమ్మల్ని మాత్రం ఎవరడిగారు తల్లీ?" అన్నాడు మెత్తగా, పిల్లకు నచ్చచెప్పినట్టు. "మీ భర్తగారిని ఎవరడిగారు? అడిగేది ఆచారం కాదు. అడిగితే ఎవరు పోతారు?"

ఆయన పోయాక ఆమె చాప మడత కూడా వేయనివ్వకుండా అలాగే కూర్చుంది. మేకను ఎవరైనా అడుగుతారా. ఇందాక తను కూడా అడగలేదు. కడుపునిండా అంబలి తాగి మరీ చెప్పింది. మలితే లేదంటుందన్న ఆలోచన తనకు కలలో కూడా రాలేదు. తెల్లబట్ట చూసినప్పుడు తనలో లేచిన ఉక్రోషం, ఎవరు వీళ్లు నన్ను పొమ్మనడానికి అన్న ఉక్రోషం, మలితేకి కూడా ఉంటుందని తోచనే లేదు.

ఆమె లేచి, ఎవర్నీ పిలవకుండా, ధాన్యపు కొట్టు వైపు నడిచింది. కాపలావాడు కంగారుపడి గడియ తీయబోతే వద్దని సైగ చేసి పంపేసింది. తలుపుకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

"మలితే."

లోపల జొన్నల మీద ఎవరో కదిలిన చప్పుడు.

"ఏమైనా తిన్నావా?"

"మీ వంటవాళ్లు నాకూ అంబలి పంపలేదు" అంది లోపలి గొంతు. "పోయేదానికి ఎందుకనుకున్నారేమో."

అమనిదఖే చీకటిపడేదాకా అక్కడే కూర్చుంది. ఆఖరికి లేవబోయింది. లేవలేకపోయింది. ఎప్పుడు లేవాలన్నా పక్కన ఒక భుజం ఉండేది, ఆ భుజం ఇప్పుడు తలుపు అవతల ఉంది.

"మలితే, లేవలేకపోతున్నానే."

లోపల్నుంచి మాట వచ్చింది. "గోడ పట్టుకోండి. ముందు ఒక మోకాలు మడవండి. రెండూ ఒకేసారి కాదు."

ఆమె గోడ పట్టుకుంది. ఒక మోకాలు మడిచింది. లేచింది.

పొద్దున్న ముస్తాబు చేయడానికి వేరే ఆడవాళ్లు వచ్చారు. వాళ్లకి గుడ్డచుట్టల సంగతి తెలియదు. ఆమె చెప్పలేదు. వాళ్లు బట్ట కట్టి చూసి, మళ్లీ విప్పి కట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, అలాగే వదిలేశారు. బంగారు అంచు బట్ట భుజాల మీంచి వేలాడింది, కొయ్య మీద ఆరేసినట్టు.

రాతి పొట్టేళ్ల వరస దాటి ఆమె గుడి ముంగిట్లోకి రాగానే జనం ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూశారు. తూర్పుగట్టు కాపరి ఆడమనిషి కూడా అక్కడే ఉంది. ఆమె ఈసారి కూత పెట్టలేదు. ఒక పక్కన ఇద్దరు కాపలావాళ్ల మధ్య మలితే నిలబడి ఉంది. ఆమెకు తెల్లబట్ట ముందే కట్టేశారు.

దేవుడి పడవ బయటికొచ్చింది. ముందు కొయ్యలు పట్టిన బోయీలు వయసు మళ్లినవాళ్లు. మెడల మీద కాయలు కాచి నల్లబడ్డాయి. కన్ను ఎత్తకుండా ఆమె ఎదురుగా నిలబడి, కాళ్లు సర్దుకున్నారు. ధూపం పొగ మధ్య తెరలోపల దేవుడు కనబడడు. వెనితొర్ చెయ్యి ఎత్తాడు. డప్పులు ఆగాయి.

అరిఖబల్ తల్లి వైపు చూసి, ధైర్యం చెబుతున్నట్టు తలూపాడు.

ఆమె గొంతు సన్నగానే వచ్చినా ముంగిలి చివరిదాకా వినబడింది. అలా మాట్లాడటం ఆమెకు అలవాటు.

"అమని దేవుడా, నేను నీ కందాకేని. నా ఒళ్లు చూడు. దాచను. నేను ఏలడానికి పనికిరాను. ఈ క్షణం నుంచి నా కొడుకు అరిఖబల్ రాజు. నేను చావకుండా, నా బదులు ఇంకెవరూ చావకుండా, ఒట్టి ఆడమనిషినై ఈ ఊళ్లో బతకడం నీకు సమ్మతమేనా?"

ఆగింది.

వెనితొర్ నోరు తెరిచాడు. ఆ నోట మాట వచ్చేలోపు ముందు వరస బోయీలు, ఆమె గొంతు ఆగిందని తప్ప ఇంకేమీ వినని ముసలివాళ్లు, కదిలారు. ఒక అడుగు. రెండు. మూడు. పడవ ఊగింది. పూసలు గలగలమన్నాయి. తెర ఆమె మొహానికి తగిలేంత దగ్గరికొచ్చి ఆగింది.

జనం హోరెత్తారు. దేవుడు ఒప్పుకున్నాడు, దేవుడు ఒప్పుకున్నాడు అని చేతులెత్తి గెంతారు. అంతమంది కళ్ల ముందు ముందుకొచ్చిన దేవుణ్ని వెనక్కి రమ్మనడం వెనితొర్ వల్ల కాదు. ఆయన మొదట నేలకు వంగి మొక్కాడు. లేచాక ఆమె దగ్గరికొచ్చాడు.

"దేవుణ్ని మోసం చేశారు" అన్నాడు పెదవి కదపకుండా.

"అడిగాను. వచ్చాడు" అంది ఆమె.

"కొడుకు చేతుల్లో రాజ్యం ఎలా ఉంటుందో బతికుండి చూడాలి తల్లీ మీరు. అది చీకటిగది కంటే తేలికనుకోకండి."

ఆయన అన్నది శాపం కాదు, నిజమే. ఆ తరవాతి రోజుల్లోనే తెలిసింది. కొత్త రాజు తల్లి పాదాలకి మొక్కి, కళ్లనీళ్లు పెట్టుకుని, ఒక ఇంట్లో ఇద్దరు ఏలినవాళ్లు ఉండటం మంచిది కాదని పెద్దలన్నారని చెప్పాడు. రేవు పక్కన పాత సుంకపు ఇల్లు బాగుచేయించాడు. పొడుగు గోళ్లు ఒట్టి ఆడమనిషికి తగవని, ఒక పూజారి కత్తెర పట్టుకొచ్చి తీసేశాడు. పూజారులు అడిగినప్పుడల్లా అరిఖబల్ సరేనంటున్నాడని రేవులో చెప్పుకునేవాళ్లు ఆమె వింటున్నదని కూడా చూసుకునేవాళ్లు కారు. నది మీద తుమ్మదుంగల తెప్పలు వరసగా దిగొచ్చి కొలిమిగట్టున ఆగేవి. ఒకరోజు మేకలకాపరి ఆడమనిషి ఆ దారిన పోతూ ఆమెను గుర్తుపట్టి ఆగింది. కాసేపు చూసింది. తిట్టకుండా, ఉమ్మేయకుండా, మేకల్ని అదిలించుకుంటూ పోయింది.

కొన్నాళ్లకు మలితేని విడిచిపెట్టారు. ఆ రోజే ఆమె రేవు ఇంటికి వచ్చి తన దువ్వెనలు, ఇసకరాయి, తల్లి వదిలిన రాగిగిన్నె మూటగట్టుకుంది. అమనిదఖే గుమ్మంలో నిలబడి చూసింది. ఒక మాట కోసం చూసింది. ప్రాణం నిలబెట్టినందుకు ఏదో ఒక మాట అంటుందని. మలితే మూట ముడి బిగించి తలెత్తాక, ఆ చూపు ఏమిటో అర్థం చేసుకుంది.

"నా ప్రాణం నాదే గదా" అంది. "మీరు ఇచ్చిందేముంది? తీసుకోబోయి ఆగారు."

"ఆగాను గదే."

"ఆగారు. ఆ మాట ఎప్పుడూ కాదనను."

"నాతో ఉండిపో. రేవు ఇల్లు ఇద్దరికీ సరిపోతుంది. పని చేయొద్దు, ఊరికే ఉండు."

"నది అవతల నా కూతురు నెల తప్పింది. దానికి చెయ్యి కావాలి." మూట మీద చెయ్యేసి, "ఆ గదిలో జొన్నల మీద పడుకున్నప్పుడు నాకు మీరు గుర్తురాలేదు. నా కూతురే గుర్తొచ్చింది. అప్పుడే అనుకున్నా, బయటపడితే అటే పోవాలని" అంది.

"మరి నేనెవరితో ఉండాలి మలితే?"

మలితే మూట తలకెత్తుకుంది.

అమనిదఖే రేవుదాకా వెనకాలే నడిచింది. ఎండ బాగా ఎక్కింది. పడవలో జొన్నబస్తాలు, కోళ్లగంపలు, ఒక గాడిద. మలితే గాడిదకి అటువైపు, గంపల మధ్య కూర్చుంది. పడవ కదిలేటప్పుడు ఒకసారి ఇటు చూసింది. చెయ్యి ఊపలేదు. మొహం తిప్పుకోలేదు కూడా. నీళ్లు ఎర్రగా, వడిగా పోతున్నాయి. పడవ అవతలి గట్టు చేరేదాకా అమనిదఖే రేవు మెట్టు మీద అలాగే నిలబడింది.

వెనక నుంచి ఎవరిదో మోచెయ్యి తగిలింది. తల మీద చేపలబుట్ట పెట్టుకున్న కుర్రదాని మోచెయ్యి. బుట్టలోంచి నీళ్లు ఆమె భుజమ్మీద కారాయి.

"పెద్దమ్మా, ఎక్కేదానివా, చూసేదానివా?" అంది ఆ పిల్ల. "చూసేదానివైతే జరుగు. బరువు మోస్తున్నాం ఇక్కడ."

ఆ గొంతు ఎవరిదో చూద్దామని ఆమె వెనక్కి తిరిగింది. ఆ పిల్ల ఆమె మొహం వైపు చూడనే లేదు. కాళ్ల కింద మెట్టు వైపే చూస్తోంది.

ఆమె జరిగింది.